చదువుతోపాటే అనుభవం: అమెరికా వచ్చిన మన విద్యార్థులకు

ఆగస్టు వచ్చిందంటే మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కొత్తగా తెలుగు పిల్లలు దిగుతారు. నేను గృహిణిని, చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. వాళ్లందరూ అడిగేది ఒకటే: "అక్కా, ఎక్స్‌పీరియన్స్ లేకుండా ఉద్యోగం ఎవరిస్తారు?" ఎక్స్‌పీరియన్స్ కొనుక్కోనక్కర్లేదు. చదువుకునే రెండేళ్లలోనే నిజాయితీగా సంపాదించుకోవచ్చు. వాళ్లతోపాటు నియమాలు చదివి నేను తెలుసుకున్నవి ఇవి.

క్యాంపస్‌లో పని

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు, సెలవుల్లో ఫుల్‌టైమ్ క్యాంపస్‌లో పనిచేయవచ్చు. లైబ్రరీ, డైనింగ్ హాల్, ఐటీ హెల్ప్‌డెస్క్, గ్రేడర్ పని ఏదైనా సరే. ఆ ఆఫర్ లెటర్, కాలేజీ ఇచ్చే లెటర్ పట్టుకెళ్తే సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. డైనింగ్ హాల్ పనే కదా అని తీసిపారేయకండి. రేపు మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పే సూపర్‌వైజర్ అక్కడే దొరుకుతారు.

ఆర్‌ఏ, టీఏ కావాలంటే వందమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపి లాభం లేదు. ఒకరి పేపరు చదివి, ఆఫీస్ అవర్స్‌లో కలిసి, దాని గురించి మాట్లాడండి.

సీపీటీ, ఓపీటీ

సాధారణంగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాక సీపీటీకి అర్హత వస్తుంది. అంటే ఆగస్టులో చేరినవాళ్లకు మరుసటి సమ్మర్ ఇంటర్న్‌షిప్ అందుతుంది. కానీ చాలా పెద్ద కంపెనీలు దానికి ముందు ఆగస్టు, సెప్టెంబరులోనే దరఖాస్తులు తీసుకుంటాయి. అందుకే రెజ్యూమే మొదటి నెలలోనే సిద్ధంగా ఉండాలి. కంపెనీ పేరు, తేదీలు ఐ-20లో ఎక్కాకే పనిలో చేరాలి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది.

ఓపీటీ 12 నెలలు. స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు ఉంది, అయితే కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందునుంచి ఓపీటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటి ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి అడుగుకు ముందు మీ కాలేజీలోని డీఎస్ఓని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

రికార్డు రాసుకోండి

మా డిగ్రీ రోజుల్లో ప్రతి ప్రయోగానికీ ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం అని రికార్డు రాసేవాళ్లం. మీ ప్రాజెక్టులకూ, ఉద్యోగాలకూ అదే చేయమంటాను. ఏ సమస్య వచ్చింది, ఏ టూల్ వాడారు, మీ వంతు పనేంటి, చివరికి ఏమైంది? వారానికి పది లైన్లు చాలు. ఇంటర్వ్యూలో "మీరు చేసిన పని చెప్పండి" అంటే తడుముకోనక్కర్లేదు.

కొన్న అనుభవం

కొన్ని కన్సల్టెన్సీలు చేయని ఉద్యోగాన్ని రెజ్యూమేలో ఐదేళ్ల అనుభవంగా రాసిపెడతాయి. ఆ అబద్ధం ఇంటర్వ్యూతో ముగిసిపోదు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో, వీసా దశలో కూడా అడ్డం తిరగవచ్చు. క్లాసులు లేకుండా సీపీటీ ఇస్తామనే చోట్లూ అంతే. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని అధికారులే నిఘా కోసం నడిపారు. అందులో చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో. బయట క్యాష్‌కి చేసే పని కూడా స్టేటస్‌కే ముప్పు.

ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి పంపిన అమ్మానాన్నలకూ ఒక మాట. ఫోన్ చేసినప్పుడల్లా "ఉద్యోగం వచ్చిందా?" అని అడిగితే, పిల్లలు ఆ ఒత్తిడిలోనే అడ్డదారి చూస్తారు. మొదటి ఏడాది "ఈ వారం ఏం నేర్చుకున్నావురా?" అని అడిగి చూడండి.