మిస్వాక్ చెట్టు మన తీరంలోనూ ఉంది: గున్నంగి ఎక్కడ పెరుగుతుంది, దాని చుట్టూ ఏ మొక్కలుంటాయి?

మసీదుల దగ్గర అత్తరు, టోపీలతో పాటు ప్యాకెట్లలో అమ్మే మిస్వాక్ పుల్లని చూసి, అది అరబ్బు దేశాల చెట్టు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే చెట్టు కృష్ణా డెల్టా సముద్ర తీరంలోనూ పెరుగుతుంది. తెలుగులో దాని పేరు గున్నంగి. వరగోగు అని కూడా అంటారు. ఉర్దూలో పీలూ, అరబ్బీలో అరాక్. శాస్త్రీయ నామం సాల్వడోరా పెర్సికా. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టారు.

దీన్‌లో దీని స్థానం

దైవప్రవక్త ముహమ్మద్ (స) మిస్వాక్‌ను ఎంతో ఇష్టపడేవారని, ఉమ్మత్‌కి కష్టమవుతుందనే ప్రతి నమాజుకీ తప్పనిసరి చేయలేదని హదీసుల్లో ఉంది. అరాక్ పండ్లని 'కబాస్' అంటారు. వాటిలో నల్లగా పండినవి ఏరుకోమని ఆయన (స) సహాబాలకు చెప్పిన ఉల్లేఖనం బుఖారీలో ఉంది. సబా సూరాలో వచ్చే 'ఖమ్త్' అంటే అరాకేనని కొందరు ముఫస్సిర్ల అభిప్రాయం.

ఎక్కడ పెరుగుతుంది?

ఆఫ్రికా ఎడారుల నుంచి అరేబియా, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశం దాకా ఈ పొద ఉంది. రాజస్థాన్, గుజరాత్‌లలో ఎక్కువ. అక్కడ జమ్మి, కరీర, నల్లతుమ్మలతో కలిసి కనిపిస్తుంది.

తడిగా ఉండే మన తీరంలో ఎడారి మొక్క ఎలా బతుకుతోంది? కారణం ఉప్పు. నేలలో ఉప్పు ఎక్కువైతే నీళ్లున్నా వేళ్లు పీల్చుకోలేవు. అంటే మొక్కకి అదీ ఒక ఎడారే. గున్నంగి ఆకులు మందంగా, కండగా ఉండి ఆ ఉప్పుని తట్టుకుంటాయి. పొన్నూరు, తెనాలి చుట్టూ కాలువ నీళ్లతో వరి పండే నల్లరేగడి పొలాల్లో కాకుండా, బాపట్ల, రేపల్లె వైపు సముద్రానికి దగ్గరైన చవిటి నేలల్లో వెతకాల్సింది అందుకే.

పక్కన ఉండే మొక్కలు

రోజూ పోటు నీళ్లు తగిలే బురదలో మడ, దాని వెనక తిల్ల ఉంటాయి. ఉప్పు తెట్టు కట్టిన బయళ్లలో ఇలకూర, వంగరెడ్డి కూర నేలబారుగా పరుచుకుంటాయి. పోటు నీరు అరుదుగా వచ్చే మెరక మీద, గట్ల మీద గున్నంగి ఉంటుంది. తోడుగా ముళ్ల ఉప్పి, పిసింగి. ఉప్పి గున్నంగి కుటుంబానిదే. ఇసుక దిబ్బల మీదికి వెళ్తే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు కనిపిస్తాయి.

తిల్లతో జాగ్రత్త

తీరంలో సొంతంగా పుల్ల కోసుకునేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. తిల్ల కొమ్మ విరిస్తే తెల్లటి పాలు వస్తాయి. అవి కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి. గున్నంగికి పాలు రావు. దాని ఆకులు జంటగా ఎదురెదురుగా ఉంటాయి, నలిపితే ఆవాల లాంటి ఘాటు వాసన వస్తుంది. తిల్ల ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా మార్చి మార్చి వస్తాయి. కచ్చితంగా గుర్తుపట్టలేకపోతే నోట్లో పెట్టుకోవద్దు. వేప పుల్లతో తోముకోవడం మన ఊళ్లలో అలవాటే, దానితో కూడా పళ్లు శుభ్రపడతాయి.

ముప్పు ఎటు నుంచి?

చెరువులు తవ్వడానికి చవిటి భూములు చదును చేస్తే ముందు పోయేవి ఇలాంటి పొదలే. ఇంకోవైపు సర్కారు తుమ్మ. అమెరికా ఖండం నుంచి తెచ్చి 1877లో కడప ప్రాంతంలో వేసిన ఈ చెట్టు ఇప్పుడు తీరం దాకా పాకి, స్థానిక మొక్కలకి చోటు లేకుండా చేస్తోంది. గున్నంగి పోతే పుల్ల ఒక్కటే కాదు, పిట్టలకి పండ్లు, గట్లకి పట్టు కూడా పోతాయి.

మిస్వాక్‌కి వేరు మంచిదని చాలామంది వేరే అడుగుతారు. వేళ్లు తవ్వితే పొద చచ్చిపోతుంది. వేలు లావు కొమ్మ కూడా మిస్వాక్‌గా పనికొస్తుంది, కోసిన చోట మళ్లీ చిగురేస్తుంది. రిజర్వ్ ఫారెస్ట్ పరిధిలో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మయినా కోయకూడదు.