పాట పాడి కట్టిన విశ్వవిద్యాలయము

ఈ మహాసభా సంచికకు విద్యావిషయమున ఒక చరిత్ర వ్యాసమును వ్రాయవలసినదిగా సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మన వసతిగృహముల చరిత్రమును, విద్యానిధి చరిత్రమును పెద్దలు పలుమారులు వ్రాసియే యున్నారు. వండిన కూరనే మరల వండుట మాకిష్టము లేదు. కావున ఈసారి చదువరులను సముద్రమున కావలి యొడ్డుకు, అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెసీ రాష్ట్రపు ముఖ్యపట్టణమైన నాష్‌విల్ నగరమునకు గొనిపోదలచితిమి. అచ్చట ఫిస్క్ విశ్వవిద్యాలయమను విద్యాపీఠము కలదు. అది సర్కారువారిది కాదు. బానిసత్వమునుండి అప్పుడే విడివడిన నల్లజాతివారికొరకు దాతలు నెలకొల్పగా, ఆ విద్యార్థులే తమ గొంతుకతో నిలువబెట్టుకొన్న సంస్థ. చందాలిచ్చువారును, ఆ చందాలమీద చదువుకొన్నవారును ఈ సంచికను చేతబట్టుదురు. ఆ కథలో ఇరువురకును పనియున్నదని మా తలంపు.

అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు జరిగిన అంతర్యుద్ధము 1865లో ముగిసినది. బానిసలు స్వతంత్రులైరి. కాని స్వతంత్రుడైనవానికి చేత చిల్లిగవ్వ లేదు, నోట అక్షరము లేదు. దక్షిణ రాష్ట్రములు పెక్కింట బానిసకు చదువు చెప్పుటయే నేరముగా నుండెను. అట్టి కాలమున జాన్ ఆగ్డెన్, ఎరాస్టస్ క్రవాత్, ఎడ్వర్డ్ స్మిత్ అను మువ్వురు క్రైస్తవ మిషనువారు 1866 జనవరి 9వ తేదీన నాష్‌విల్‌లో ఒక పాఠశాలను తెరచిరి. అప్పటి ప్రభుత్వాధికారియైన జనరల్ క్లింటన్ ఫిస్క్ సైనికుల ఆసుపత్రిగా నుండిన కొయ్య బారకాసులను ఇప్పించెను. ఆయన పేరే పాఠశాలకు పెట్టిరి. ఏడేండ్ల బాలురు మొదలు డెబ్బదియేండ్ల వృద్ధులవరకు ఒకే బల్లమీద కూర్చుండి అక్షరములు దిద్దిరి. మొదట 200 మంది యుండగా కొలది నెలలలోనే 900 మంది యైరి. బానిసల నమ్మిన సంతలో పడియున్న తుప్పుపట్టిన సంకెళ్లను ఏరి తెచ్చి, పాత ఇనుముక్రింద అమ్మి, ఆ సొమ్ముతో ఓనమాల పుస్తకములు కొనిరని ఆ విద్యాలయ చరిత్రకారులు చెప్పుదురు.

1867 ఆగష్టు 22వ తేదీన ఆ బడి విశ్వవిద్యాలయముగా రిజిష్టరు చేయబడెను. గుణింతము నేర్పు చోటికి విశ్వవిద్యాలయమను పేరేమని ఎవరైన నవ్వవచ్చును. మాకును మొదట నవ్వే వచ్చినది. కాని స్థాపకుల యుద్దేశము వేరు. నల్లవారికి తగినంత చదువు అని ఒక కొలత వేయక, ఆ దేశమున ఎవరికైనను లభించు ఉత్తమ విద్యయే వీరికిని లభింపవలెనని వారు సంకల్పించిరి. అది నెరవేరుటకు ముందు సంస్థ బ్రతుకవలెను గదా. అయిదేండ్లు తిరుగునప్పటికి బారకాసులు పుచ్చిపోయినవి, అప్పులు పెరిగినవి, మూతవేయుట తప్పదను మాట పుట్టినది.

జార్జి వైట్ అను తెల్లజాతి ఉపాధ్యాయుడు అచ్చట కోశాధికారిగను, సంగీతము నేర్పువాడుగను ఉండెను. ఆయన పిల్లలలో కొందరిని కూడగట్టి ఊరూర కచేరీలు చేసి డబ్బు తెత్తునని బయలుదేరెను. పెద్దలు వలదనిరి. ఆయన వినలేదు. 1871 అక్టోబరు 6వ తేదీన తొమ్మండుగురు గాయకులతో నాష్‌విల్ విడిచెను. ఆ తొమ్మండుగురిలో పెక్కుమంది బానిసలుగా పుట్టినవారే. వారికి పియానో వాయించి, పాటలను కూర్చి, దండుకు వెన్నెముకయై నిలిచిన ఎల్లా షెపర్డ్ అను యువతి కథ యొక్కటి చెప్పినచో చాలును. ఆమెను తండ్రి వెలయిచ్చి విడిపించెను. తల్లి మాత్రము బానిసగనే మిగిలిపోయెను. ఆమె ఫిస్క్‌కు వచ్చునప్పుడు చేతనున్నవి ఆరు డాలర్లు. అవి మూడు వారముల ఖర్చునకు సరిపోయెను. తరువాత సంగీతము చెప్పుకొని పొట్టబోసికొని చదివినది.

మొదటి కచేరీలలో వారు తెల్లవారు మెచ్చు పాటలనే పాడిరి. జనులు వచ్చిరి, వినిరి, పళ్లెములో చిల్లర వేసి పోయిరి. దారి ఖర్చులకే చాలలేదు. హోటళ్లవారు రంగు చూచి తలుపులు మూసిరి. అట్టి స్థితిలో సైతము, షికాగో నగరము తగులబడెనని విని, సిన్సినాటిలో వసూలైన కొలది సొమ్మును ఆ బాధితులకే పంపివేసిరి. ఇది మేము అచ్చెరువుతో చదివిన ఘట్టము.

పిమ్మట వారి అదృష్టము మారినది. తమలో తాము కూర్చుండి మెల్లగా పాడుకొను పాటలు కొన్ని వారికి కలవు. పత్తిచేలలో తల్లిదండ్రులు పాడినవి, దుఃఖమును దేవునికి చెప్పుకొన్నవి. వానిని పరులముందు పాడుటకు ఆ పిల్లలు మొదట నొప్పుకొనలేదు. బానిసత్వపు గుర్తులను సభలో విప్పుట సిగ్గనిపించినది. తల్లిదండ్రుల పూజాద్రవ్యమును సంతలో పెట్టుట పాపమనియు తోచినది. మన పల్లెలలో నాట్లు వేయు స్త్రీల పాటలను, వారి పిల్లలే బస్తీలో నాలుగక్షరములు నేర్చిన పిదప నోట పలుకుటకు జంకుటను చూచినవారికి ఆ సిగ్గు ఎట్టిదో తెలియును. వైట్ మెల్లగా నొప్పించెను. ఆ పాటలు పాడిన తరువాత సభలు నిశ్శబ్దములై, పిమ్మట కన్నీరు పెట్టుకొన్నవి. క్రైస్తవ వేదమున ఏబదియవ యేట దాసులను విడుదల చేయు ఉత్సవ సంవత్సరమునకు జూబిలీ యని పేరు. దానినిబట్టి వైట్ తన దండునకు జూబిలీ గాయకులని పేరిడెను.

ఆ మొదటి యాత్రలోనే ఇరువదివేల డాలర్లు కూడెను. 1872లో వారు రాష్ట్రపతియైన గ్రాంటు ఎదుట పాడిరి. 1873లో ఇంగ్లాండునకు పోగా విక్టోరియా రాణి వారి పాట వినెను. అచ్చట సుమారు ఏబదివేల డాలర్లు లభించెను. ఆ సొమ్ముతో, అంతర్యుద్ధకాలమున కోటగా నుండిన గిల్లెం అను స్థలమున ఆరంతస్తుల భవనము లేచినది. 1876 జనవరి 1వ తేదీన ప్రవేశోత్సవము జరిగిన ఆ భవనమునకు జూబిలీ హాలు అని పేరు. మొత్తముమీద 1878 వరకు లక్షా ఏబదివేల డాలర్లు వారు తెచ్చిరి. దానికి చెల్లించిన వెలయు తక్కువది కాదు. తీరికలేని ప్రయాణములలో గాయకుల ఆరోగ్యములు చెడినవి. చదువు సగములో ఆగినవారు చాలమంది. ఇతరులు చదువుకొనుటకు వీరు చదువు మానుకొనిరనుట అతిశయోక్తి కాదు.

వారిలో ఒకడైన ఫ్రెడరిక్ లౌడిన్ అనునాతడు 1884లో సొంతముగా దండు కట్టి, ఆరేండ్లు భూమిచుట్టి వచ్చెను. ఆ యాత్రలో మన హిందూదేశమునకును వచ్చి, తాజమహలు గుమ్మటముక్రింద పాడినట్లు చరిత్రలో నున్నది.

ఇక అచ్చటి చదువు సంగతి. లాటిను, గ్రీకు, గణితము, తత్త్వము, చరిత్ర, సంగీతము ప్రధానముగా నడచెను. కళాశాల తరగతులలో మొదటి పట్టభద్రులు 1875లో వెలువడిరి. 1885లో విలియం డుబాయిస్ అను బాలుడు ఉత్తర రాష్ట్రమునుండి వచ్చి చేరెను. విద్యార్థుల పత్రికయైన హెరాల్డునకు సంపాదకత్వము వహించెను. వేసవి సెలవులలో టెన్నెసీ కుగ్రామములకు పోయి బీదపిల్లలకు చదువు చెప్పెను. 1888లో పట్టము పొందెను. తరువాత హార్వర్డులో డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతీయుడు ఈయనయే. 1903లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథమున ప్రతి అధ్యాయమునకు తలమీద ఆ బానిసల పాటల స్వరములనే ముద్రించెను.

ఆ కాలమున ఒక పెద్ద వాదము నడచినది. నల్లవారికి గ్రీకు భాష యెందుకు, వడ్రంగము, వ్యవసాయము నేర్పిన చాలదాయని టస్కిగీ విద్యాలయాధిపతియైన బుకర్ వాషింగ్టన్ పక్షమువారు వాదించిరి. బుద్ధిని సానబట్టిన కొందరైన లేనిదే జాతికి దారి చూపువారుండరని డుబాయిస్ వాదించెను. చిత్రమేమనగా, ఆ వాషింగ్టనుగారి భార్య మార్గరెట్ ముర్రే ఫిస్క్ పట్టభద్రురాలే. వాదము వీధిలో నున్నను, ఇంటిలో ఫిస్క్ చదువే యుండెను.

పాటలతో వచ్చిన ధనము ఎల్లకాలము చాలునా? 1915లో అధ్యక్షుడైన ఫయట్ మెకెంజీ పదిలక్షల డాలర్ల మూలధనము కూర్చుటకు పూనెను. ఉత్తరదేశపు కోటీశ్వరుల ధర్మనిధులు అందుకు సిద్ధమయ్యెను. ఆయన సమర్థుడే, మూలధనము కూడినది. కాని దాతలకును, ఊరిలోని తెల్లవారికిని మన పిల్లలు అణకువగలవారని చూపవలెనను తహతహ ఆయనను పట్టుకొనెను. విద్యార్థి సంఘము రద్దయ్యెను. డుబాయిస్ నడపిన హెరాల్డు పత్రిక మూతపడెను. ఆడపిల్లలు కట్టు బట్టకు నిబంధన, మగపిల్లలతో మాటాడుటకు నిబంధన. 1924 జూన్‌లో కుమార్తె పట్టప్రదానమునకు వచ్చిన డుబాయిస్, అదే సభలో నిలిచి, తాను చదివిన విద్యాలయము డబ్బుకొరకు నోరు మూసికొన్నదని అధ్యక్షుని మొగముమీదనే పలికెను.

ఇచ్చట మా స్వానుభవ మొకటి చెప్పక మానలేకున్నాము. మేము బాల్యమున చదివిన ఒకానొక వసతిగృహమునకు దాతగారు వచ్చు దినమున మమ్ము ఉదయమునుండి ఎండలో వరుస తీర్చి నిలువబెట్టెడివారు. దాతగారు మంచివారే, మేము తిన్న అన్నము వారిదే. కాని ఆ దినమున పుస్తకముల బీరువాకు తాళము వేసెడివారు. అందులో వారికి గిట్టని పత్రికలు రెండు మూడుండెను. తాళము వేయుమని దాతగారు చెప్పినట్లు మేమెరుగము. నడపువారే ఊహించి వేసిరి. ఫిస్క్ చరిత్రలో మెకెంజీ కథను చదివినప్పుడు ఆ తాళము చప్పుడే మా చెవిలో వినబడినది.

1925 ఫిబ్రవరి మొదటివారమున విద్యార్థులు ఎదురుతిరిగిరి. అధ్యక్షుడు నగర పోలీసులను వసతిగృహములోనికి పిలిపించెను. కొందరు నిర్బంధింపబడిరి. అంతట పిల్లలు తరగతులు మానివేసిరి. అనేకులు మూటలు కట్టుకొని ఇండ్లకు పోయిరి. నగరమునందలి నల్లజాతి పెద్దలును, పూర్వవిద్యార్థులును పిల్లలపక్షమున నిలిచిరి. ఏప్రిలులో మెకెంజీ రాజీనామా ఇచ్చెను. దాతలు పారిపోదురని భయపడినవారు లేకపోలేదు. విద్యాలయము మూతపడలేదు. 1926లో వచ్చిన థామస్ జోన్స్ పిల్లల సంఘములను తిరిగి యనుమతించెను.

తరువాతి యిరువదేండ్లే ఫిస్క్ విద్యాజీవనమునకు వెలుగుకాలమని మా యభిప్రాయము. 1930లో దక్షిణ రాష్ట్రముల కళాశాలల సంఘము ఫిస్క్‌కు గుర్తింపు నొసగెను. నల్లజాతి విద్యాలయములలో అట్టి గుర్తింపు మొదట పొందినది ఇదియే. చార్లెస్ జాన్సన్ సాంఘికశాస్త్ర శాఖను నడపి, పత్తిపొలముల కౌలుదార్ల జీవితమును ఇల్లిల్లు తిరిగి విచారించి గ్రంథములు వ్రాసెను. సెయింట్ ఎల్మో బ్రేడీ రసాయనశాస్త్రమును, కవియైన జేమ్స్ వెల్డన్ జాన్సన్ సాహిత్యమును బోధించిరి. ఏరన్ డగ్లస్ గ్రంథాలయపు గోడలపై తన జాతి చరిత్రమును చిత్రించెను. చార్లెస్ జాన్సనే 1947లో అధ్యక్షపీఠమెక్కెను. స్థాపించిన ఎనుబది యేండ్లకుగాని ఆ పీఠముపై ఒక నల్లజాతీయుడు కూర్చుండలేదు!

1960 ఫిబ్రవరిలో నాష్‌విల్ అంగళ్లలోని ఫలహారపు బల్లలయొద్ద నల్లవారికి అన్నము పెట్టరను నియమమును ఎదిరించి విద్యార్థులు మౌనముగా కూర్చుండిరి. వారి నాయకురాలు డయేన్ నాష్ ఫిస్క్ విద్యార్థినియే. వారికి శాంతియుత ప్రతిఘటనమును నేర్పిన జేమ్స్ లాసన్ అంతకుముందు మన నాగపూరు హిస్లాప్ కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండి గాంధీమహాత్ముని పద్ధతిని అభ్యసించినవాడు. వారిని కొట్టిరి, చెరసాలలో పెట్టిరి. మే 10వ తేదీన ఆ బల్లలు అందరికిని తెరువబడెను. 1925లో అణకువ నేర్పలేకపోయిన విద్యాలయమునుండి 1960లో ఇట్టివారు వచ్చుటలో వింత లేదు.

దాత మాట మరల నొకసారి ముందునకు వచ్చినది. 1949లో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ తన కీర్తిశేషుడైన భర్త స్టీగ్లిట్జ్ సేకరించిన చిత్రములను, తనవి కొన్నిటితో కలిపి 101 కళాఖండములుగా ఫిస్క్‌కు నొసగెను. అమ్మరాదని నిబంధన. 2005 నాటికి విద్యాలయము ధనములేక కుంగిపోయి, వానిలో కొన్నిటిని అమ్మదలపెట్టెను. వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగెను. దాత మాట నిలుపవలెనా, విద్యాలయమును నిలుపవలెనా యను ప్రశ్నకు మాకును సులభముగా సమాధానము తోచలేదు. చిత్రములున్నంతకాలము విద్యాలయమే లేకపోయిన దాత మాట దక్కినట్లా? తుదకు న్యాయస్థానముల అనుమతితో 2012లో అర్ధభాగమును మూడుకోట్ల డాలర్లకు ఆర్కన్సా రాష్ట్రమునందలి క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రశాలకు ఇచ్చిరి. చిత్రములు రెండేండ్లొకచోట, రెండేండ్లొకచోట ఉండునట్లు ఏర్పాటైనది.

ఆ చిత్రములు ప్రయాణము చేయుచుండును. ఎడ్మండ్ హేవెల్ ఇంగ్లాండులో వ్రాసిన జూబిలీ గాయకుల పెద్ద పటము మాత్రము జూబిలీ హాలులోనే యున్నది. ఆ గాయకుల పేరిటి దండు నేటికిని పాడుచున్నది. 2021లో దాని పాటల సంపుటికి గ్రామీ బహుమానము లభించెను. ఏటేట అక్టోబరు 6వ తేదీన విద్యార్థులు సభ తీర్చి, పిదప నాష్‌విల్‌లోని పాత శ్మశానవాటికకు పోయి, ఎల్లా షెపర్డ్ సమాధియొద్ద నిలిచి, ఆమె కూర్చిన పాటలను పాడుదురు.