రెండున్నర టన్నుల వేడుక

అమెరికా సైన్యమువారి రెండున్నర టన్నుల లారీకి తాళపుచెవి యనునది లేదు. రణరంగమున డ్రైవరు కూలినచో పక్కనున్నవాడు వాని జేబులు వెదకవలసిన దుర్గతి పట్టరాదని కాబోలు, మీటయొకటి త్రిప్పి బొత్తాము నొక్కినంతనే ఇంజను లేచునట్లుగా దానిని నిర్మించిరి. అట్టి బండిని వేలములో పాడుకొని యింటిముంగిట నిలుపుకొన్న గృహస్థు, ఒకనాటి సైనికులు చేసినట్లే, స్టీరింగు చక్రమునకు ఇనుపగొలుసు చుట్టి తాళము బిగించి నిద్రించుచున్నాడు. పొలము లేదు, సరకు లేదు, బాడుగ లేదు. ఏనుగువంటి యీ వాహనమును కేవలము వేడుకకై పోషించు అలవాటు ఆ దేశమున నెట్లు పుట్టినదో విచారింపదగియున్నది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జనరల్ మోటార్స్ వారు, ముందు వెనుక చక్రములన్నియు ఇంజను బలముచేతనే తిరుగునట్టి సి.సి.కె.డబ్ల్యు. అను లారీలను 5,60,000కు పైగా తయారుచేసిరి. గతుకునేలపై రెండున్నర టన్నులు మోయునది గనుక సైనికులు దానిని ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అనిరి. పేకలో రెండుచుక్కల ముక్కకు డ్యూస్ అని పేరు. 1944 వేసవిలో మిత్రసేనలు నార్మండీని దాటి తూర్పునకు పరువెత్తగా, వానికి పెట్రోలును మందుగుండును అందించుటకు రైళ్లు లేకపోయెను. దండెత్తుటకు ముందు ఫ్రాన్సు దేశపు రైలుమార్గములను బాంబులతో ఛిన్నాభిన్నము చేసినవారు తామే కదా! అంతట ఆగస్టు 25 మొదలు నవంబరు 16 వరకు, ఇతర బండ్లు చొరరాని ప్రత్యేకమార్గమున, ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అను పేర దాదాపు 6,000 లారీలు రేయింబవళ్లు నడిచి, ఉచ్చదశయందు దినమునకు 12,000 టన్నులకు మించి సరకు చేరవేసెను. నడిపినవారిలో నూటికి 75 మంది నల్లజాతివారు. వారిని పోరుపటాలములలో చేర్చుకొనుటకు సంకోచించిన సైన్యము తన యూపిరిని మాత్రము వారి చేతులలో పెట్టెను.

యుద్ధము ముగియకమునుపే మిగులు సామగ్రిని ఏమి చేయుదుమను చింత ప్రభుత్వమునకు పట్టుకొనెను. 1944 అక్టోబరులో అందులకై చట్టము పుట్టినది. 1946లో ‘వార్ ఎసెట్స్ అడ్మినిస్ట్రేషన్’ అను శాఖ యేర్పడి అమ్మకములు సాగించినది. రైతులు కొనిరి, అడవులలో దుంగలు లాగించువారు కొనిరి. కొన్నవాడు వెల చూచెను, బలము చూచెను, పచ్చరంగుపై వేరొక రంగు పూసి పనిలో పెట్టెను. ఆనాడు దీనిని వేడుక యన్నచో ఆ రైతు నవ్వియుండును.

వేడుకగాండ్ర మనసు దోచినది తరువాత వచ్చిన ఎం.35. లాన్సింగు నగరమందలి రియో కంపెనీ రూపొందించిన యీ బండి 1950 ప్రాంతమున కొలువులో చేరి, వియత్నాము బురదను తొక్కి, శతాబ్దము ముగియువరకును సేవ చేసినది. దీనికి 1960 దశకమున అమర్చిన ఇంజను బహుభక్షకము: డీజిలు, కిరసనాయిలు, జెట్ విమానముల చమురు, గత్యంతరము లేనిచో పెట్రోలు, ఏది పోసినను మండించును. పిస్టను తలయందలి గుండ్రని గుంటగోడపై ఇంధనమును చిమ్మి మండించు ఆ విద్య జర్మనీలోని మాన్ కంపెనీది. అదే కంపెనీ అనుమతితో మన జబల్పూరులో 1959 నుండి శక్తిమాన్ లారీలు తయారైనవి గనుక, వానిని మన పటాలములలో చూచినవారికి ఎం.35 దూరపు చుట్టమే యగును. హోటళ్లలో వేపుళ్లు కాగిన నూనెను వడగట్టి పోసి నడిపిన యజమానులు గలరు! దాని టర్బోచార్జరు కూత మలుపు తిరుగకముందే వీధికెల్ల వినబడును.

ఇట్టివారు కూడి 1976లో సంఘముగా నేర్పడిరి. 1919లో సైన్యపు మోటారుబండ్ల వరుస వాషింగ్టను నుండి శాన్‌ఫ్రాన్సిస్కో చేరుటకు 62 దినములు పట్టినది. అందు యువసైనికాధికారి ఐసెన్‌హోవరు కూడ నుండెను. 2009లో ఈ సంఘమువారు తమ పాతబండ్లతో ఆ యాత్రను మరల సాగించిరి.

వేలములో వెల కొంచెమే కావచ్చును. అసలు కథ తరువాత మొదలగును. ఎస్.ఎఫ్.97 అను ప్రభుత్వపత్రము చేతికి రానిదే సాధారణముగా రిజిస్ట్రేషను జరుగదు. కొన్ని రాష్ట్రములలో అది వచ్చినను ‘ఇది సైనికవాహనము, బాటకు తగదు’ అను మాట వినవలసివచ్చును. పది టైర్లు, ఒక్కొక్క చక్రమునకు ఇనుపవలయము, గాలి నింపునపుడు ఆ వలయము ఊడి యెగిరినచో ప్రాణములకే ముప్పు గనుక, తెలిసినవాడు చక్రమును ఇనుపబోనులో పెట్టి దూరముగా నిలిచి గాలి కొట్టించును. అన్నిటికంటె భయము బ్రేకులది. గాలియొత్తిడి సాయము చేసినను, చక్రములన్నిటికిని ద్రవమును పంపు మాస్టరు సిలిండరు ఒక్కటే. ఎక్కడ నొక గొట్టము తుప్పుపట్టి చిల్లిపడినను, ఆరు టన్నుల బండికి బ్రేకులన్నియు ఒక్కమారుగా పోవును. కావున అనుభవశాలి ఆదివారము ఉదయమున ముందుగా బండిక్రింద వెల్లకిల పండుకొని, టార్చిలైటు వెలుగున ఆ గొట్టములను వ్రేలితో తడుముచు పోవును. పిదప ఎక్కి బొత్తాము నొక్కును. గాలియొత్తిడి 60 పౌనులకు చేరువరకు బజరు గీపెట్టుచునే యుండును. అది మానిన వెనుక పెడలుపై పాదమానించి గట్టిగా త్రొక్కి, కాసేపు అట్లే నిలిపియుంచి, అది క్రిందికి జారలేదని రూఢి చేసికొని, అప్పుడు గేరు వేయును.