మార్బరీకి అందని నియామకపత్రం

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఆ దేశ పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకున్న మన తెలుగువాళ్లు సివిక్స్ ప్రశ్నలు వల్లె వేస్తున్నారు. కొత్త పరీక్షలో మొత్తం 128 ప్రశ్నలు. అడిగేవి 20, వాటిలో 12 సరిగ్గా చెప్పాలి. న్యాయశాఖ ఏం చేస్తుందన్న ప్రశ్నకు చెల్లే జవాబుల్లో ఒకటి, చట్టం రాజ్యాంగానికి విరుద్ధమో కాదో తేలుస్తుందని. న్యాయసమీక్ష అంటే ఇదే. ఈ అధికారం గురించి అమెరికా రాజ్యాంగంలో ఒక్క వాక్యం కూడా లేదు. ఎలా వచ్చిందో తెలుసుకుంటే బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

పార్లమెంటు చేసిన చట్టాన్ని కోర్టు చెల్లదనవచ్చని 1610లోనే ఇంగ్లండు న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ రాశారు. అక్కడ ఆ మాట నిలవలేదు. సముద్రం దాటి అమెరికా వలసల్లోని న్యాయవాదుల చెవిన పడింది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్లు అధికారాన్ని మూడు శాఖలకు పంచారు. కత్తి ఒకరికి, ఖజానా ఇంకొకరికి దక్కాయి. న్యాయశాఖకు రెండూ దక్కలేదు.

1800 ఎన్నికల్లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ జెఫర్సన్ చేతిలో ఓడిపోయారు. దిగిపోయేలోగా కోర్టులను తమ ఫెడరలిస్టు పార్టీవాళ్లతో నింపాలనుకున్నారు. వాషింగ్టన్ ప్రాంతానికి 42 మంది జస్టిస్ ఆఫ్ ద పీస్‌లను ప్రతిపాదించారు. చిన్న తగాదాలు తీర్చే ఐదేళ్ల పదవి అది. 1801 మార్చి 3న, పదవీకాలం ముగిసేముందు రోజు, సెనేట్ ఆమోదించింది. పత్రాలపై ఆడమ్స్ సంతకం చేశారు, విదేశాంగ మంత్రి జాన్ మార్షల్ ముద్ర వేయించారు. ఆ మార్షలే నెల కిందట సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. పంచడానికి కొన్ని పత్రాలు తీసుకున్న ఆయన తమ్ముడు జేమ్స్, అన్నీ మోయలేక కొన్నింటిని తిరిగి ఇచ్చేశారు. కొత్తగా వచ్చిన జెఫర్సన్, మిగిలినవి ఇవ్వొద్దన్నారు.

పత్రం అందనివాళ్లలో జార్జ్‌టౌన్ ధనికుడు విలియం మార్బరీ ఒకరు. జెఫర్సన్ విదేశాంగ మంత్రి మాడిసన్ చేత పత్రాలు ఇప్పించేలా మాండమస్ రిట్ జారీ చేయాలని, మరో ముగ్గురితో కలిసి నేరుగా సుప్రీంకోర్టుకెక్కారు. కాంగ్రెస్ కోర్టు సమావేశాల తేదీలు మార్చేయడంతో 1803 ఫిబ్రవరి దాకా కోర్టు కూర్చోనేలేదు. కూర్చున్నాక మాడిసన్ తరఫున ఎవరూ రాలేదు. ఆయన కార్యాలయ గుమస్తాలు ప్రమాణం చేయడానికి వెనకాడారు. అటార్నీ జనరల్ లెవీ లింకన్ ప్రశ్నలు ముందే రాసిమ్మన్నారు. జస్టిస్ ఛేజ్‌కు ఒంట్లో బాగాలేక కోర్టు స్టెల్ హోటల్‌కు మారింది. ఫిబ్రవరి 24న తీర్పు.

రిట్ ఇస్తే జెఫర్సన్ ఖాతరు చేయరు. ఇవ్వకపోతే కోర్టు భయపడిందంటారు. మార్షల్ మూడు ప్రశ్నలు వేసుకున్నారు. మార్బరీకి హక్కు ఉందా? ఉంది, అధ్యక్షుడు సంతకం చేయగానే నియామకం, ముద్ర పడగానే నియామకపత్రం పూర్తయ్యాయి. హక్కు పోతే చట్టం దారి చూపుతుందా? చూపుతుంది. ఆ దారి ఈ కోర్టులోనే మొదలవుతుందా? కాదు. కాంగ్రెస్ చేసిన 1789 చట్టంలోని 13వ సెక్షన్ ఆ వీలు ఇచ్చినా రాజ్యాంగం ఇవ్వలేదు. రెండూ ఢీకొంటే నిలిచేది రాజ్యాంగమే.

తీర్పులో పాల్గొన్న నలుగురిదీ ఒకే మాట. రిట్ ఇచ్చే చిన్న అధికారాన్ని వదులుకుని, చట్టాన్ని కొట్టేసే పెద్ద అధికారాన్ని కోర్టు దక్కించుకుంది. ధిక్కరించడానికి జెఫర్సన్‌కు ఉత్తర్వే లేకుండా పోయింది. తాను ముద్ర వేయించిన పత్రాల కేసును మార్షల్ తానే వినడం తప్పే. అయినా ఆ తర్కబలం ముందు నేను ఎప్పుడూ తల వంచుతాను. మార్బరీకి మాత్రం పదవి రాలేదు.

ఆ తర్వాత కథ తిన్నగా సాగలేదు. సుప్రీంకోర్టు మళ్లీ కాంగ్రెస్ చట్టాన్ని కొట్టేసింది 1857లో, డ్రెడ్ స్కాట్ కేసులో. నల్లజాతివారు పౌరులే కాలేరన్న ఘోరమైన తీర్పు అది. బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో చెప్పిందీ ఆ కోర్టే. అది లిటిల్ రాక్‌లో అమలు కావడానికి 1957లో సైన్యం దిగాల్సి వచ్చింది. 1974లో తన సంభాషణల టేపులు అప్పగించమని కోర్టు అంటే అధ్యక్షుడు నిక్సన్ అప్పగించారు. మన రాజమహేంద్రవరంలో పుట్టిన భారత ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు 1967 గోలక్‌నాథ్ తీర్పులో, పాత రాజ్యాంగ సవరణలను కదపకుండా ఇకముందుకే వర్తింపజేసే పద్ధతిని అమెరికా న్యాయశాస్త్రం నుంచే తెచ్చుకున్నారు.

2025 జనవరిలో తాత్కాలిక వీసాదారుల పిల్లలకు జన్మతః పౌరసత్వం ఉండదని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. హెచ్1బీ మీదున్న తెలుగు ఇళ్లలో కలవరం. కింది కోర్టులు దాన్ని దేశమంతటా ఆపాయి. జూన్‌లో సుప్రీంకోర్టు, ఆ ఉత్తర్వు మంచిచెడ్డల జోలికి వెళ్లకుండా, అలా ఆపే అధికారాన్ని మాత్రం కుదించింది. హక్కు ఉంటే చాలదు, దాన్ని ఇప్పించే కోర్టు ఏదో తేలాలి. పురిటి బిడ్డల తల్లిదండ్రులు ఆ రోజుల్లో న్యాయవాదులను అడిగింది మార్బరీ కేసులోని మూడో ప్రశ్ననే.