మారువేషం నుంచి వేషానికి: హాలోవీన్ ఇంటి చేతిపని – ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో 'వేషం', 'మారువేషం' అనే మాటలకు మూలం ఒకటే అయినా వాటి ప్రయోజనాలు పరస్పర విరుద్ధాలు. వేషం కట్టిన వ్యక్తిని ఫలానా పాత్రగా ప్రేక్షకులు గుర్తించాలి. గుర్తించకపోతే వేషం రక్తి కట్టలేదంటారు. మారువేషంలో ఉన్న వ్యక్తిని గుర్తిస్తే ఆ మారువేషం భంగమైనట్టే. విరాటుని కొలువులో భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా గడిపిన ఏడాది పొడవునా పాండవులను వెన్నాడిన భయం ఇదే. అక్టోబరు 31 రాత్రి జరుపుకొనే హాలోవీన్ పండుగలోని వేషధారణను అర్థం చేసుకోవడానికి ఈ భేదం బాగా ఉపకరిస్తుంది. ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో మారువేషంగా ఉన్న ఆచారం అమెరికాకు చేరిన తరువాత క్రమంగా వేషమైంది. ఆ మార్పు దుకాణంలో కాక ఇంట్లోనే, కుట్టుసూదికీ కత్తెరకూ మధ్య మొదలైందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంలో ప్రచారంలో ఉన్న కథనం సరళమైనది. పూర్వం ప్రతి ఇంటా తల్లులు పిల్లలకు స్వయంగా వేషాలు కుట్టేవారనీ, ఆ తరువాత కంపెనీలు ప్రవేశించి ఆ చేతిపనిని నాశనం చేశాయనీ దాని సారాంశం. ఇల్లు పవిత్రం, అంగడి అపవిత్రం అనే ఈ విభజన వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని ఆధారాల ముందు నిలవదు.

హాలోవీన్‌కు మూలమని చెప్పే సాంహెయిన్ (శీతకాల ఆరంభాన్ని సూచించే గేలిక్ పర్వం) అతి ప్రాచీనమైనదే. దాని మీద క్రైస్తవ మతంలోని సర్వపునీతుల పండుగ (నవంబరు 1) వచ్చి చేరింది. ఆ పండుగ ముందటి సాయంకాలం అనే అర్థంలోనే 'హాలోవీన్' అనే పేరు ఏర్పడింది. అయితే వేషాలు కట్టడం కూడా అంతే ప్రాచీనమనడానికి తగిన లిఖితాధారాలు లేవు. వేషధారులు ఇంటింటికీ తిరిగే ఆచారాన్ని గురించిన ఆధారాలు ప్రధానంగా 16వ శతాబ్దం నుంచే కనిపిస్తాయి. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన 'హాలోవీన్' కావ్యంలో ఎక్కువ భాగం పెళ్లి జోస్యాలదే. అందులో కేల్ మొక్కలను పెరికి, గింజలను నిప్పులో వేసి యువతీయువకులు తమ భావి దాంపత్యాన్ని తెలుసుకోజూస్తారు. ఆనాటి పండుగకు వేషం కేంద్రం కాదనడానికి ఇది బలమైన సూచన.

వేషం ఉన్నచోట దాని సామగ్రి అతి స్వల్పం. పెద్దల పాతబట్టలు, తిరగవేసి తొడిగిన కోటు, ముఖానికి మసి, గడ్డి, గొర్రెతోలు మొదలైనవే. వీటిలో ఏదీ కొన్నది కాదు, ఏదీ ఒక పాత్రను సూచించేది కాదు. వచ్చినవారు ఎవరో పొరుగువారికి తెలియకూడదు. పొరుగువారు ఊహించి చెప్పాలి. స్కాట్లండులో పిల్లలు పాటో పద్యమో వినిపించి కాయలూ పండ్లూ పుచ్చుకొనేవారు. 1937–39 మధ్య ఐరిష్ జానపద సంఘం బడిపిల్లల చేత తమ ఇళ్లలోని పెద్దలను అడిగించి నోటుపుస్తకాల్లో రాయించిన బృహత్ సంకలనం ఈ ఆచారాల అధ్యయనానికి ఒక ప్రధాన ఆకరం.

అలంకరణ విషయమూ ఇంతే. టర్నిప్ దుంపను తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల దీపం పెట్టేవారు. కాజిల్‌బార్ సమీపంలోని ఐర్లండు జాతీయ మ్యూజియం (పల్లెజీవన విభాగం)లో డనెగాల్ ప్రాంతపు ఫిన్‌టౌన్ నుంచి వచ్చిన అటువంటి దుంప ముఖానికి పోతపోసిన ప్లాస్టర్ ప్రతి ఉంది. ముడుచుకుపోయిన ఆ ముఖాన్ని చూసినవారికి నేటి గుమ్మడికాయల నవ్వు మరీ మెత్తగా తోస్తుంది. గుమ్మడికాయ అమెరికా నేల ఇచ్చిన పంట; పెద్దది, చెక్కడానికి సులువైనది. జాన్ గ్రీన్‌లీఫ్ విటియర్ 1850లో ప్రకటించిన 'ది పంప్‌కిన్' కవితలో గుమ్మడికాయకు ముఖం చెక్కి దీపం పెట్టిన బాల్యస్మృతి ఉంది. కాని ఆ కవిత హాలోవీన్‌ది కాదు, కృతజ్ఞతార్పణ పండుగది. అంటే గుమ్మడి దీపం మొదట శరత్కాలపు పిల్లల ఆట. హాలోవీన్‌తో ముడిపడటం ఆ తరువాతి మాట. ఇక్కడ తెలుగు పాఠకునికి గడపకు కట్టే దిష్టి గుమ్మడికాయ స్ఫురించడం సహజం. పోలిక ముచ్చటైనదే గాని, రెండింటి మధ్య చారిత్రక సంబంధం కల్పించడం సాహసమవుతుంది.

19వ శతాబ్దపు చివరి దశకంలో అమెరికా మధ్యతరగతి ఇల్లాలి చేతికి అచ్చుపుస్తకం అందింది. కాగితపు కుట్టునమూనాలను వివిధ కొలతల్లో అమ్మడం 1863లో ప్రారంభించిన బటరిక్ సంస్థ 1892లో మారువేష విందులను గురించీ వాటి దుస్తులను గురించీ ఒక పుస్తకం వెలువరించింది. 1898లో మార్తా రస్సెల్ ఓర్న్ హాలోవీన్‌ను ఎలా జరుపుకోవాలో తెలిపే చిన్న పుస్తకం రాసింది. ఒక పండుగను ఎలా జరుపుకోవాలో పుస్తకం చూసి నేర్చుకోవలసి వచ్చిందంటే, అది ఆ ఇంటికి తరతరాలుగా వచ్చిన ఆచారం కాదన్నమాట.

ఈ దశలో అత్యంత ప్రభావశీలమైనవి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసిన డెనిసన్ కంపెనీ ప్రచురణలు. 1844లో నగల పెట్టెల తయారీతో ఆరంభమైన ఆ సంస్థ క్రమంగా ముడతల రంగుకాగితం (క్రేప్ కాగితం) వ్యాపారంలోకి వచ్చింది. 1909లో తొలి 'బోగీ బుక్' వెలువడింది. ఈ బోగీ రైలుపెట్టె కాదు, భోగిపండుగా కాదు; పిల్లలను భయపెట్టే బూచి. 1912లో రెండవది వచ్చింది. ఆ తరువాత 1930ల వరకు ఇవి దాదాపు ఏటేటా వెలువడ్డాయి. బల్ల మీద పరిచే కాగితం, గోడకు అంటించే నల్లపిల్లి, గుడ్లగూబ, చంద్రవంక, మంత్రగత్తె టోపీ, పిల్లల గౌను – అన్నింటికీ బొమ్మలతో సూచనలు ఇచ్చేవారు. పలుచని మస్లిన్ గుడ్డతో లోపలి చొక్కా ఒకటి కుట్టి, దాని మీద క్రేప్ కాగితాన్ని మడతలు మడతలుగా కుట్టడం ఈ వేషాల ప్రధాన పద్ధతి. గుడ్డ నిలుస్తుంది, కాగితం ఆ ఒక్క రాత్రికే. మరుసటి ఏడు మళ్లీ కొత్త కాగితం కావాలి.

ఈ పద్ధతిలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, కంపెనీ సిద్ధమైన వేషాన్ని అమ్మడం కన్నా 'నీవే చేయగలవు' అనే నమ్మకాన్ని అమ్మింది. ఇంటి చేతిపని అంగడికి ప్రతిపక్షం కాలేదు. అంగడికి అదే వాకిలి అయింది. రెండవది మరింత ముఖ్యమైనది. సూచన ఉన్నదంటే పేరు ఉండాలి. ఇది మంత్రగత్తె, ఇది పిల్లి, ఇది గుమ్మడి అని పుస్తకం ముందే నిర్ణయిస్తుంది. మసి పూసుకొన్న ముఖానికి పేరు లేదు. నారింజ, నలుపు కాగితాల గౌనుకు ఉంది. మారువేషం వేషంగా మారిన ఘట్టం ఇక్కడే, పెట్టెల్లో వేషాలు అమ్మే రోజులకు చాలా ముందే సంభవించింది. పండుగ చరిత్రను అమెరికాలో తొలిసారి పుస్తకంగా రాసిన రూత్ ఎడ్నా కెల్లీ గ్రంథం 1919లో వెలువడేనాటికి డెనిసన్ పుస్తకాలు దశాబ్దకాలంగా ఇళ్లలో ఉన్నాయి.

ఈ మార్పును పెద్దలు స్వాగతించడానికి వేరొక కారణమూ ఉంది. గుర్తు తెలియని పిల్లవాడు దేనికైనా సాహసిస్తాడు. గేట్లు ఊడదీయడం, బండ్లను ఎక్కడికో లాక్కుపోవడం, తలుపు తీసినవారి ముఖాన పిండి కొట్టడం ఆ రాత్రి అల్లరిలో భాగాలు. 1903 నాటి జీవితాన్ని చిత్రించిన 'మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్' (1944) చలనచిత్రంలో పెద్దల పాతబట్టలు తొడిగిన పిల్లలు వీధిలో మంట వేసి చేసే ఆగడం ఈ పాత హాలోవీన్‌కు మంచి దృష్టాంతం. ఈ అల్లరిని అదుపు చేయడానికి ఊళ్లు ఊరేగింపులు, ప్రదర్శనలు ఏర్పాటు చేశాయి. మిన్నెసోటాలోని అనోకా పట్టణం 1920లోనే అటువంటి ఊరేగింపు జరిపింది. ఊరేగింపులో నడిచే పిల్లవాడు అందరికీ కనిపించాలి. ఫలానా వేషమని తెలియాలి.

ఈ చరిత్రను సాహిత్యంలో అత్యంత సూక్ష్మంగా పట్టుకొన్న రచన హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' (1960). కథాకాలం 1930లు, స్థలం అలబామాలోని కల్పిత పట్టణం మేకోంబ్. అంతకు ముందటి హాలోవీన్‌నాడు పిల్లలు ఇద్దరు వృద్ధ సోదరీమణుల ఇంటిసామానంతా నేలమాళిగలోకి చేరవేశారు. అది పునరావృతం కాకూడదని ఊరి ఆడవారు బడిలో ప్రదర్శన ఏర్పాటు చేస్తారు. జిల్లా పంటలూ ఉత్పత్తులూ పిల్లల రూపంలో వేదిక మీదికి రావాలి. స్కౌట్ అనే బాలికకు దక్కిన వేషం పందితొడ మాంసం. క్రెన్‌షా అనే కుట్టుపని ఆవిడ కోళ్లగూటికి వాడే ఇనుప వలను వంచి, గోధుమరంగు గుడ్డ చుట్టి, రంగులు వేసి దాన్ని తయారు చేస్తుంది. వేషం ఎంత గుర్తించదగినదో లోపలి పిల్లకు అంత ఇబ్బందికరమైనది. చూపు సరిగా ఆనదు, ఒకరి సాయం లేకుండా తొడుక్కోలేదు, విప్పుకోలేదు. చీకట్లో ఇంటికి వస్తుండగా ఆమె మీదా అన్న మీదా దాడి జరుగుతుంది. కత్తిపోటును ఆ ఇనుప వల అడ్డుకొంటుంది. మసకబారిన తీగ మీద మెరుస్తున్న గీతను మరునాటి దాకా ఆగకుండా ఆ రాత్రే షెరీఫ్ చూపిస్తాడు. పాత్ర పేరిట ఊరంతా నవ్వుకొన్న వేషం ప్రాణాన్ని కాపాడింది. ఇరుగింటి చేతిపనికి ఇంతకన్న గంభీరమైన స్థానం కల్పించిన హాలోవీన్ కథ అరుదు.

చేతిపనికి ఎల్లప్పుడూ ఆ రక్షణశక్తి ఉండదు. కాగితం, నూలు, లోపల కొవ్వొత్తి వెలిగే గుమ్మడికాయ ఒకేచోట చేరడంలోని ప్రమాదం స్పష్టమే. 1940లలో పిల్లల కౌబాయ్ దుస్తులకు వాడిన నూగు రేయాన్ గుడ్డ అంటుకొని మరణాలు సంభవించాయి. 1953లో అమెరికా కాంగ్రెసు చేసిన దహనశీల వస్త్రాల చట్టానికి ఇటువంటి దుర్ఘటనలే నేపథ్యం.

తయారైన వేషాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1937లో న్యూయార్కులో ఏర్పడిన బెన్ కూపర్, పెన్సిల్వేనియాలోని కాలేజ్‌విల్ వంటి సంస్థలు పల్చని అంగీ, ప్లాస్టిక్ ముఖం ఒక పెట్టెలో పెట్టి అమ్మాయి. చక్కెర రేషన్ 1947లో ముగిసి, పిల్లలు 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటూ మిఠాయిలకు తిరగడం శివారు కాలనీల్లో స్థిరపడిన కాలంలో ఇవి విరివిగా అమ్ముడుపోయాయి. బెన్ కూపర్ అంగీల ఎదురురొమ్ము మీద తరచు ఆ పాత్ర బొమ్మా, పేరూ ముద్రించి ఉండేవి. తన పేరు తన ఛాతీ మీద రాసుకొని తిరిగే పాత్ర ఏ నాటకంలోనూ లేదు. వేషం మారువేషానికి ఇంతకన్నా దూరం పోలేదు. డెనిసన్ పుస్తకం ఇల్లాలి చేత మొదలుపెట్టించిన పనికి ఇది కొనసాగింపు మాత్రమే.

1966లో తొలిసారి ప్రసారమైన చార్లీ బ్రౌన్ హాలోవీన్ చిత్రంలో పిల్లలు దుప్పట్లకు రంధ్రాలు చేసి దెయ్యాలవుతారు. చార్లీ బ్రౌన్ దుప్పటికి మాత్రం రంధ్రాలు మరీ ఎక్కువ. చుట్టూ ఎప్పుడూ దుమ్ము రేగే పిగ్‌పెన్ అనే పిల్లవాణ్ణి దుప్పటిలోనూ ఇట్టే గుర్తుపట్టేస్తారు. తననెలా పోల్చారని వాడు ఆశ్చర్యపోతాడు. మారువేషం భంగపడటంలోని పాత వినోదం కొన్ని క్షణాలపాటు తిరిగి వచ్చింది. పైసా ఖర్చు లేని, పేరు లేని వేషంలోనే అది సాధ్యమైంది.

మన పగటివేషాలతో పోలిస్తే ఈ చేతిపని స్వభావం మరింత విశదమవుతుంది. పగటివేషం నేర్చినవారి వృత్తి. అర్ధనారీశ్వర వేషధారి ఏళ్ల సాధనతో ఒక దేహంలో ఇద్దరిని చూపుతాడు. అతని వేషానికి అతనే కర్త. హాలోవీన్ వేషంలో కర్త ఒకరు, ధరించేవారు మరొకరు. కర్త సాధారణంగా తల్లి. ఏడాదికొక్కసారి, ఇతర పనుల మధ్య, ఒక రాత్రికోసం కుడుతుంది. మెప్పు పిల్లవాడికి చెందుతుంది. ఛాయాచిత్రంలో ఆమె కనబడదు. కాగితపు దుస్తులు చిరిగి నశించగా, వాటి తయారీ సూచనలు మాత్రం గ్రంథాలయాల్లో మిగిలాయి. ఫలితంగా నేటి చరిత్రకారునికి కంపెనీ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ సూచనను పక్కనబెట్టి పాత కర్టెనుతో పని కానిచ్చిన ఇల్లాలి గొంతు వినిపించదు.

1965 వలస చట్టం తరువాత అమెరికా చేరిన తెలుగు కుటుంబాలకు ఎదురైన హాలోవీన్ అప్పటికే పెట్టెలో దొరుకుతున్నది. వారికి ఇంట్లో కుట్టడం ఆచారం కాదు, ఎంపిక. దసరా కొలువుకు మెట్లు కట్టిన అట్టపెట్టెలు కొన్ని వారాలకే ఈ పనికీ అక్కరకు వస్తాయి. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. ఒకే గడప మీద ప్రమిదకూ గుమ్మడి దీపానికీ చోటు చూడవలసిన సాయంకాలమది. ఆ ఇళ్లలోని మొదటి తరం తల్లులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసువారు. వారు ఏ గుడ్డ తీసుకొని, ఎవరిని అడిగి, ఏ వేషం కుట్టారో నమోదు చేసే పని ఈ అధ్యయనంలో వెంటనే చేపట్టవలసినది.