కొత్త ఆపరేటింగ్ సిస్టం, పాత రౌటర్: విండోస్ విస్టా అనుభవం

ఇంటర్నెట్ ప్రమాణాలు ఎలా రూపొందాయో కిందటి పాఠంలో చదివారు. ప్రమాణం కాగితం మీద ఉండటం వేరు, మన ఇంట్లోని పరికరంలో అది అమలు కావడం వేరు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉండవచ్చో విండోస్ విస్టా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ విస్టాను 2006 నవంబరులో వ్యాపార సంస్థలకు, 2007 జనవరి 30న సాధారణ వినియోగదారులకు విడుదల చేసింది. దానికి ముందున్న విండోస్ ఎక్స్‌పి 2001 నాటిది. అంటే ఐదేళ్లకు పైగా ఇళ్లలోకి, చిన్న కార్యాలయాల్లోకి చేరిన రౌటర్లలో చాలావాటికి పరిచయమైన విండోస్ అదే. విస్టాలో నెట్‌వర్క్ వ్యవహారాలు చూసే టి.సి.పి./ఐ.పి. భాగాన్ని మైక్రోసాఫ్ట్ తిరిగి కొత్తగా రాసింది. తెర మీది హంగులను చూసినవారికి ఈ మార్పు కనిపించలేదు. చిక్కులు వచ్చింది మాత్రం ఇక్కడే.

మొదటిది చిరునామా చిక్కు. నెట్‌వర్క్‌లో చేరిన కంప్యూటరుకు ఐ.పి. చిరునామా కావాలి. డి.హెచ్.సి.పి. పద్ధతిలో కంప్యూటరు చిరునామా అడుగుతుంది, రౌటరు ఇస్తుంది. అయితే ఇంకా చిరునామా లేనివాడికి జవాబు చేర్చడం ఎలా? 1997 మార్చిలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 2131 ఇందుకు రెండు దారులు చూపింది. ఇవ్వబోయే చిరునామాకే జవాబును నేరుగా పంపవచ్చు, లేదా నెట్‌వర్క్‌లో అందరికీ అందేలా ప్రసారం చేయవచ్చు. రెండో దారి కావాలనుకున్న కంప్యూటరు తన అభ్యర్థనలో ఒక బిట్‌ను 1గా ఉంచాలి. దీన్నే బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ అంటారు.

రెండో సర్వీస్ ప్యాక్ వేసిన ఎక్స్‌పి ఈ బిట్‌ను 0గా పంపేది. విస్టా 1గా పంపింది. అలాంటి అభ్యర్థనకు కొన్ని రౌటర్లు సరైన జవాబు ఇవ్వలేకపోయాయి. దాంతో విస్టా కంప్యూటరు తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుని, ఇంటర్నెట్ అందక ఉండిపోయేది. అదే రౌటరుకు కలిపిన ఎక్స్‌పి కంప్యూటరు చక్కగా పనిచేసేది. మీరే ఆ ఇంట్లో ఉంటే తప్పు ఎవరిదంటారు? కొత్తదానిదే అంటారు. ఆ రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ బిట్ గురించిన నియమం అప్పటికి పదేళ్లుగా ప్రమాణంలో ఉంది. రౌటరులోని లోపమూ అన్నాళ్లుగా ఉంది. అడిగేవారు లేక బయటపడలేదు, అంతే.

అలాగని విస్టాను పూర్తిగా సమర్థించలేం. నేరుగా వచ్చే జవాబును అందుకోలేని కంప్యూటరు మాత్రమే ఈ బిట్‌ను 1గా ఉంచాలన్నది ప్రమాణం ఉద్దేశం. విస్టాకు ఆ అవసరం నిజంగా ఉందా అని అడగడం న్యాయమే.

రెండో చిక్కు వేగానికి సంబంధించింది. అందుకునే కంప్యూటరు తాను ఒక్కసారిగా ఎంత సమాచారం తీసుకోగలదో టి.సి.పి. ద్వారా చెబుతుంది. 1981 నాటి ప్రమాణంలో ఈ అంకెకు 16 బిట్ల చోటే ఉంది కాబట్టి గరిష్ఠం 65,535 బైట్లు. రానుపోను 200 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఈ పరిమితితో సెకనుకు సుమారు 2.6 మెగాబిట్లకు మించి రాదు. అందుకే 1992లో ఆర్.ఎఫ్.సి. 1323 ఒక గుణకాన్ని చేర్చింది. కంప్యూటర్లు సంబంధం మొదలయ్యేటప్పుడు ఒక్కసారే గుణకాన్ని చెప్పుకుంటాయి, తర్వాత వచ్చే ప్రతి అంకెనూ దానితో హెచ్చించుకుంటాయి. విస్టా ఈ సదుపాయాన్ని ఆధారం చేసుకుని దారిని బట్టి తన పరిమితిని తానే పెంచుకునేది.

దారి మధ్యలో కాపలా కాసే కొన్ని రౌటర్లకు, ఫైర్‌వాల్‌లకు ఈ లెక్క తెలియదు. గుణకం 256 అయినప్పుడు కంప్యూటరు 256 అని పంపితే దాని అర్థం 65,536 బైట్లు. మధ్యలోని పరికరం మాత్రం 256 బైట్లే అనుకుని, అంతకు మించి వచ్చిన ప్యాకెట్లను పారేసేది. పేజీ సగంలో ఆగిపోయేది, ఫైలు దిగుమతి నత్తనడక నడిచేది.

ఇది మైక్రోసాఫ్ట్ ఒక్కదానికే ఎదురైన అనుభవం కాదు. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 నెట్‌వర్క్‌లో రద్దీని ముందుగా తెలిపే ఇ.సి.ఎన్. అనే పద్ధతిని తెచ్చింది. దానికి వాడిన బిట్లను 1981 ప్రమాణం భవిష్యత్తు కోసం ఖాళీగా ఉంచింది. వాటిలో 1 కనిపిస్తే అనుమానించాలని కొన్ని ఫైర్‌వాల్‌ల తయారీదారులు తీర్మానించుకున్నారు. ఫలితంగా లినక్స్ వాడేవారికి కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. సాలీ ఫ్లాయిడ్ 2002లో ఆర్.ఎఫ్.సి. 3360 రాసి ఈ ధోరణిని గట్టిగా తప్పుపట్టారు. భవిష్యత్తు కోసం విడిచిన చోటును తలుపు వేసి మూసేస్తే కొత్త పద్ధతి ఎక్కడి నుంచి రావాలి?

ఇక విస్టా విషయంలో వెనక్కి తగ్గిందెవరో చూడండి. బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్‌ను ఎలా ఆపాలో మైక్రోసాఫ్ట్ తన 928233 సంఖ్య గల సహాయ పత్రంలో వివరించింది. అందుకు రిజిస్ట్రీలో ఒక విలువ మార్చాలి. వేగం సర్దుబాటును నిలిపివేయడానికి నెట్‌ష్ ఆదేశం ఉంది. రౌటరులోని ఫర్మ్‌వేర్‌ను, అంటే దాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామును, తయారీదారు సరిచేసి ఇస్తేనే అసలు లోపం పోతుంది. అమ్మకం ఆగిపోయిన పాత రౌటరుకు సరిచేసిన ఫర్మ్‌వేర్ వస్తుందన్న భరోసా లేదు. రిజిస్ట్రీ అంటే ఏమిటో తెలియని గృహస్థుకు మిగిలిన దారి కొత్త రౌటరు కొనడమే. తప్పు చేసింది ఒకరు, డబ్బు పెట్టింది వేరొకరు.

ఈ కాలం నాటి ఫిర్యాదులను మీరు చారిత్రక ఆధారాలుగా చదివేటప్పుడు ఫిర్యాదు తేదీ పక్కనే సంబంధిత ప్రమాణం తేదీని కూడా రాసుకోండి. 2007 పక్కన 1997, 1992 అని పడతాయి. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7 కూడా వేగం సర్దుబాటును మొదటి నుంచీ పనిచేసేలాగే ఉంచింది.