మన గడ్డం మనమే గీసుకున్న కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఫైళ్ళ సంగతులు, బదిలీల సంగతులు మిత్రులు ఎలాగూ వ్రాస్తారు గనుక, నేను రోజూ ఉదయం అద్దం ముందు జరిగే సంగతిని ఎంచుకున్నాను. మన మనుమలకు గడ్డం గీసుకోవడం రెండు నిమిషాల పని. ఒకప్పుడు అది గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్య. దానికీ ఒక చరిత్ర ఉంది.

1968లో నాకు మొదటి పోస్టింగు ఒక మారుమూల గ్రామంలో ఇచ్చారు. నా దగ్గర సేఫ్టీ రేజరు ఉండేది గాని, కొత్త బ్లేడు కావాలంటే పట్నం పోవాలి. గాజు గ్లాసు లోపలి వైపున రుద్ది రుద్ది ఒకే బ్లేడుతో వారాలు వెళ్ళదీయడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరిగ్గా తనిఖీ రోజున ఆ బ్లేడు మొరాయించింది. పెట్టె అడుగున మా నాన్నగారి మడతకత్తి ఉంది. ధైర్యం చేసి చెంపకు ఆనించాను. చుబుకం మీద రెండు గాట్లు, తెల్లచొక్కా మీద నెత్తుటి మరకలు, పైఅధికారి ఎదుట తలవంపులు మిగిలాయి.

ఆ సాయంత్రం ఊరి క్షురకుడు నా ముఖం చూసి నవ్వలేదు. “కత్తి తప్పేం లేదు బాబూ, చెయ్యి ఇంకా నేర్వలేదు” అన్నాడు. తన రాబడి తగ్గుతుందని తెలిసీ పది రోజులు వచ్చి నేర్పాడు.

మొదటి మూడు రోజులూ కత్తిని ముఖం దగ్గరకు రానివ్వలేదు. కిటికీ చువ్వకు తోలుపట్టీ కట్టి, కత్తి వెన్ను ముందు, వాదర వెనుక ఉండేలా లాగించాడు. పట్టీ చివరకు వచ్చాక వెన్ను మీదనే తిప్పాలి. వాదర మీద తిప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. నాలుగో రోజున వేడినీళ్ళ గుడ్డ, సబ్బు నురగ. వెంట్రుక బాగా నానితే గాని లొంగదు. రెండో చేత్తో చర్మం బిగబట్టాలి. కత్తిని ముఖానికి కొద్ది వాలుగా, లెక్కకు చెప్పాలంటే సుమారు 30 డిగ్రీలలో, పట్టుకోవాలి. వెంట్రుక వాలిన దిక్కుకే చిన్నచిన్నగా లాగాలి. బరువు పెట్టకూడదు. కత్తిని పక్కకు జారనివ్వకూడదు, తెగేది అక్కడే. తొలిరోజు చెంపలతో సరి. చుబుకం, పైపెదవి, గొంతు చివరికి. అంతా అయ్యాక చన్నీళ్ళు, పటిక ముక్క.

తరువాత చదువుకుంటే తెలిసింది, ఈ అవస్థ నా ఒక్కడిదే కాదని. అనేక దేశాలలో శతాబ్దాలపాటు మగవాళ్ళు తమ గొంతును మరొకరి కత్తికి అప్పగించి కూర్చున్నవారే. ఆ కత్తి పట్టినవాడే వైద్యుడు కూడా. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, 1540లో, లండన్ క్షురకులనూ శస్త్రవైద్యులనూ ఒకే సంఘంగా కలిపారు. 1745లో గాని వారు విడిపోలేదు. మన ఊళ్ళలోనూ కురుపులు కోసినది ఆ చేతులే. పురుళ్ళు పోసినది చాలాచోట్ల ఆ ఇంటి ఆడవారే.

ఎవరి గడ్డం వారే గీసుకోవచ్చునని పుస్తకం వ్రాసి చెప్పినవాడు పారిస్ నగరంలో కత్తులు చేసే జాన్ జాక్ పెరె. ఆ పుస్తకం 1769లో వెలువడింది. సానరాళ్ళు గుర్తుపట్టడం, తోలుపట్టీ తయారుచేయడం, కత్తి పట్టడం అన్నీ అందులో ఉన్నాయి. చివర రక్తం తీసే వైద్యం మీద ఒక మాట కూడా చేర్చాడు! కొత్తవారు కోసుకోకుండా వడ్రంగి చిత్రికను పోలిన చెక్క తొడుగు గల కత్తిని కూడా వర్ణించాడు.

అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1788లో తన ఆత్మకథ మూడో భాగం వ్రాస్తూ ఈ విద్యను ప్రస్తావించాడు. ఒక పేద యువకుడికి వెయ్యి గినీలు ఇవ్వడం కన్నా, గడ్డం గీసుకోవడం, కత్తిని పదునుగా ఉంచుకోవడం నేర్పితే ఎక్కువ సుఖం కలుగుతుందని ఆయన భావం. డబ్బు ఖర్చైపోతుంది, విద్య మిగులుతుంది. గ్రాట్యుటీ సొమ్ము ఎటు పోయిందో తెలియని మనవంటివారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఈ కథలో మనకూ వాటా ఉంది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసలలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణాది మూస ఉక్కుకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ‘ఊట్జ్’. మన ‘ఉక్కు’ అన్న మాటే అలా మారిందని పలువురి అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ దీని మీద లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. అదే నగరంలో జేమ్స్ స్టోడార్ట్ అనే పనివాడు ఊట్జ్‌తో శస్త్రచికిత్స పరికరాలు, గడ్డం కత్తులు చేస్తానని ప్రకటించుకున్నాడు. 1820లో ఆయనతో కలిసి ఉక్కు మీద పరిశోధన ప్రకటించినవాడు సాక్షాత్తు మైకేల్ ఫారడే.

నేర్చుకునే అవసరమే లేకుండా చేసినవాడు అమెరికాలోని కింగ్ క్యాంప్ జిల్లెట్. 1903లో ఆయన కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది. 1918లో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొన్నది. యుద్ధం నుండి ఇళ్ళకు తిరిగివచ్చినవారిలో చాలామంది మళ్ళీ మడతకత్తి ముఖం చూడలేదు. మన దేశంలో 1986లో హెచ్.ఐ.వి. బయటపడ్డాక, ఆ భయంతో సెలూన్లలోనూ మనిషికొక కొత్త బ్లేడు వేసే పద్ధతి వ్యాపించింది. గోడకు వేలాడే తోలుపట్టీ మెల్లగా మాయమైంది.

గాంధీగారు ఆత్మకథలో ఒక సంగతి చెప్పారు. ఇంగ్లండు వెళ్ళినవాడు గడ్డం గీసుకోవడమైనా నేర్చుకుంటాడు గాని జుట్టు కత్తిరించుకోవడం నేర్వడట. ప్రిటోరియాలో తెల్లజాతి క్షురకుడు నిరాకరిస్తే తానే కత్తిరించుకున్నారు. అయినా అతడిని తప్పుపట్టలేదు. మన దేశంలో మన క్షురకులను అంటరానివారనబడే సోదరులకు పని చేయనిస్తున్నామా అని తన్ను తానే ప్రశ్నించుకున్నారు.

అది చదివినప్పుడు నాకు ఆ గ్రామం గుర్తుకు వచ్చింది. నాకు కత్తి పట్టడం నేర్పిన మనిషి మా నాన్నగారి వయసువాడు. నేను అరుగు మీద కూర్చున్నాను, ఆయన కింద నిలబడి నేర్పాడు. కుర్చీ వేయాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆయన నన్ను ‘బాబూ’ అన్నాడు, నేను ‘నువ్వు’ అన్నాను. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడన్న సామెత చెప్పుకుని ఆఫీసులో నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పది రోజులు కష్టపడితే గాని నా ఒక్క చెంప నాకు లొంగలేదు. ఊరందరి గొంతుల మీద జీవితమంతా కత్తి ఆడించి ఎవరికీ గాటు పెట్టని ఆ చేతికి ఏటా కొలిచి ఇచ్చినది కొన్ని కుంచాల ధాన్యం.

ఇప్పుడు నా చేయి కొద్దిగా వణుకుతోంది. మడతకత్తి బీరువాలో ఉంది. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళేముందు మా వీధి సెలూనుకే వెళతాను. ఆ కుర్రవాడిని ‘మీరు’ అంటాను. మొదట వింతగా చూశాడు, ఇప్పుడు అలవాటైంది. ఆనాడు తీర్చలేని బాకీలో ఇది వడ్డీ మాత్రమేనని నాకు తెలుసు.